మెరిసే జాకెట్టా, బండి నడిపే చోటా?

బైకు మీద వెళ్తూ కారువాళ్ల కంట పడాలంటే రెండు దారులు: మెరిసే జాకెట్ వేసుకోవడం, లేదా వాళ్లకు కనబడే చోట బండి నడపడం.

జాకెట్‌ను తీసిపారేయలేం. 2004లో వెలువడిన న్యూజిలాండ్ అధ్యయనంలో, ఫ్లోరోసెంట్ లేదా రిఫ్లెక్టివ్ బట్టలు వేసుకున్నవాళ్లకు ప్రమాదంలో గాయపడే ముప్పు 37 శాతం తక్కువగా కనిపించింది. అయితే ఫ్లోరోసెంట్ రంగు పగటి వెలుగులోనే మెరుస్తుంది. రిఫ్లెక్టివ్ పట్టీకేమో హెడ్‌లైట్ తగలాలి. పక్కసందులోంచి వచ్చే కారు లైటు మీ మీద పడదు కదా!

చోటు సంగతి వేరు. కారు ముందు అద్దానికి పక్కనుండే కమ్మీ చాటున బైకు, మనిషి మొత్తం దాక్కుంటారు. ఎంత మెరిసే జాకెట్ ఉన్నా అంతే. నేరుగా ఎదురొస్తుంటే డ్రైవర్ కంటికి మనం చిన్న చుక్క. బాగా దగ్గరయ్యేదాకా ఆ చుక్క పెరిగినట్టే ఉండదు, అందుకే మన వేగాన్ని తక్కువ అంచనా వేస్తాడు. కూడలికి ముందు మన లేన్‌లోనే కాస్త పక్కకు జరిగితే ఆ కదలిక అతని చూపును లాగుతుంది. ముందు వెళ్తున్న కారు మిర్రర్‌లో డ్రైవర్ మొహం కనబడకపోతే, అతనికి నేను లేనట్టే అనుకుని వెనక్కి తగ్గుతాను.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు చోటుకే. రాత్రి మాత్రం రిఫ్లెక్టివ్ పట్టీ లేకుండా బండి తీయను.