గోల్ఫ్ స్వింగ్ మార్చుకునేటప్పుడు ఏది మేలు: పెరట్లో వలా, విశాఖలో రేంజా?

అమలాపురంలోనో భీమవరంలోనో ఉండి గోల్ఫ్ ఆడేవాళ్ళకి మొదటి చిక్కు దూరం. ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ఉన్నది విశాఖలో. రాజమండ్రి నుంచే రైల్లో 200 కిలోమీటర్లు. వెళ్ళి అక్కడి రేంజ్‌లో, అంటే సాధన కోసం బంతులు కొట్టే చోట, నాలుగు బుట్టల బంతులు కొట్టి రావాలంటే ఆదివారం మొత్తం పోతుంది. అందుకే ఇంటి దగ్గర బంతులు కొట్టుకోవడానికి వల కట్టుకోవడాన్ని చాలామంది గతిలేక చేసే పనిగా చూస్తారు. నేనలా అనుకోను. ఉన్న స్వింగ్‌కి, అంటే కర్ర ఊపే తీరుకి, పదును పెట్టుకోవడానికి రేంజ్ మంచిదే. స్వింగ్‌నే మార్చుకుంటున్నప్పుడు మాత్రం, తొలి రెండు మూడు నెలలు వలే మేలు. ఓపిక నిలిచేది అక్కడే.

స్లైస్, అంటే బంతి గాల్లో కుడికి వంగిపోవడం, పోగొట్టుకోవాలనుకునే కుడిచేతి ఆటగాణ్ణే తీసుకోండి. బయటినుంచి లోపలికి కోసుకుంటూ వచ్చే క్లబ్‌ని (గోల్ఫ్ కర్రని) లోపలినుంచి బయటికి తీసుకురమ్మంటాడు కోచ్. కొన్నాళ్ళకి దారి మారుతుంది. కానీ క్లబ్ ముఖాన్ని, అంటే బంతికి తగిలే వైపుని, కుడికి తెరిచి ఉంచే అలవాటు ఇంకా పోదు. బంతి ఎటు బయల్దేరాలో ఎక్కువగా తేల్చేది ఆ ముఖమే కాబట్టి, బంతి తిన్నగా కుడివైపుకే బయల్దేరి, ఇదివరకటికన్నా దూరంగా కుడికి పోతుంది. సగం పని సరిగ్గా చేసినవాడికి ఫలితం మొత్తం తప్పుగా కనిపిస్తుందన్నమాట. రేంజ్‌లోనైతే పక్క మ్యాట్ మీదవాళ్ళు చూస్తుంటారు. నాలుగో బంతికి చెయ్యి పాత దారి పడుతుంది, బంతి చక్కగా గాల్లోకి లేస్తుంది, ప్రాణం లేచొస్తుంది. ఆ రోజు సాధన అక్కడితో సరి. వేరు పట్టిందా అని రోజూ నారు పీకి చూసుకుంటే చేను ఎలా ఎదుగుతుంది?

వల దగ్గర బంతి పదడుగుల్లో ఆగిపోతుంది. ఇక చూసుకోవడానికి మిగిలేది ఒళ్ళు ఎలా కదిలిందన్నదే.

రొయ్యల చెరువుల మీద పక్షులు వాలకుండా కట్టే పల్చటి వల దీనికి పనికిరాదు. దాదాపు 46 గ్రాముల గట్టి బంతి దాన్ని చీల్చుకుపోతుంది. మందపాటి నైలాన్ వలని రెండు మడతలేసి, వదులుగా వేలాడదీయాలి. బిగించి కడితే బంతి తిరిగి మన మీదికే వస్తుంది. కొబ్బరిచెట్ల మధ్య కట్టేవాళ్ళు ముందు పైనున్న గెలలు చూసుకోవాలి.

వలకన్నా నేనెక్కువ నమ్మేది ముగ్గుపిండిని. పెరట్లో ఒండ్రునేల కాస్త ఆరాక, రెండు పాదాల మధ్య సన్నటి గీత గీసి, బంతి లేకుండా ఐరన్‌తో (పల్చటి లోహపు తల ఉన్న క్లబ్‌తో) నెమ్మదిగా ఊపండి. క్లబ్ నేలని గీరిన గుర్తు గీత మీద మొదలై ముందుకి, బంతి వెళ్ళే వైపుకి, సాగాలి. గీతకి వెనకే గీరుకుంటే, చాలాసార్లు ఒంటి బరువు ఇంకా వెనక కాలి మీదే ఉందని అర్థం. రేంజ్‌లో మ్యాట్ ఈ తప్పుని దాచేస్తుంది. ముందు మ్యాట్‌ని తాకిన క్లబ్ జారుకుంటూ వెళ్ళి బంతిని కొట్టేస్తుంది, మనం బాగానే కొట్టామనుకుంటాం. బంతితో కొట్టేటప్పుడు క్లబ్ ముఖానికి కాస్త టాల్కం పౌడర్ రాస్తే ఎక్కడ తగిలిందో మచ్చ చెబుతుంది. ఇరవై నిమిషాల సాధనకి ఇంతకన్నా సరంజామా అక్కర్లేదు.

వలకి లోటు లేకపోలేదు. బంతి గాల్లో ఎంత వంగేదో అక్కడ తెలియదు. ఒకే క్లబ్‌తో ఒకే దెబ్బ కొట్టుకుంటూ పోయే అలవాటు పడుతుంది, అది ఇంకా పెద్ద లోటు. షే, మోర్గన్ అనే పరిశోధకులు 1979లో చేతి కదలికల మీద ఒక ప్రయోగం చేశారు. ఒకే కదలికని వరసగా చేసినవాళ్ళు సాధనలో మెరుగ్గా కనిపించారు. కదలికల్ని కలగలిపి చేసినవాళ్ళు సాధనలో వెనకబడ్డారు, కానీ పది రోజుల తర్వాత చూస్తే వాళ్ళకే బాగా గుర్తుంది. అందుకని కొత్త కదలిక కొంచెం ఒంటబట్టాక బంతి బంతికీ క్లబ్ మార్చండి. అప్పుడు ఆట పాడైనట్టు అనిపిస్తుంది. అనిపించనివ్వండి.

నేరుగా మైదానంలో ఆడుతూనే మార్చుకోవడం మూడో దారి. టైగర్ వుడ్స్ అలాగే చేశాడు. 1997 మాస్టర్స్ టోర్నీని 12 స్ట్రోకుల తేడాతో గెలిచాక కూడా కోచ్ బుచ్ హార్మన్ దగ్గర స్వింగ్‌ని తిరగరాసుకున్నాడు. 1998లో అమెరికా ప్రొఫెషనల్ పోటీలైన పీజీఏ టూర్‌లో గెలిచింది ఒక్క టోర్నీయే. 1999లో ఎనిమిది, 2000లో తొమ్మిది. కానీ ఆయనకి రోజంతా అదే పని, పక్కనే కోచ్. వారానికొక్కసారి కూడా మైదానం దొరకని మనం స్కోర్‌కార్డు చేతపట్టుకుని స్వింగ్ మార్చుకోబోతే మూడో హోల్‌కే పాత స్వింగ్ తిరిగొస్తుంది.

పౌడర్ మచ్చ ఎక్కువసార్లు క్లబ్ ముఖం నడిమధ్యన పడుతూ, గీరిన గుర్తు గీత దాటి సాగుతున్నప్పుడు విశాఖ రైలెక్కండి. ఎక్కువ దూరం కొట్టే పొడుగు క్లబ్ డ్రైవర్‌ని ఇంట్లోనే ఉంచి, సెవెన్ ఐరన్‌తో సగం స్వింగే కొట్టండి. చివరి మ్యాట్ ఖాళీగా ఉంటే అక్కడే నిలబడండి.