మారతహళ్లి క్లినిక్‌లో మాత్రలతో గర్భస్రావం: ఏం జరుగుతుందో ముందే చెప్పిన చోటు

మా చిన్నదానికి రెండేళ్లు నిండకముందే నాకు మళ్లీ నెల తప్పింది. ఈ గర్భం వద్దని నేనూ మా వారూ ఒక మాట అనుకున్నాక నేను మొదట వెళ్లింది వేరే ఆసుపత్రికి. భర్త సంతకం లేనిదే కుదరదని అక్కడ నన్ను వెనక్కి పంపేశారు. మా వారు ఆ వారమంతా పుణెలో ఉన్నారు. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలునని 1971 నాటి గర్భస్రావ చట్టమే చెబుతోందని నాకు తెలిసింది బెంగళూరు మారతహళ్లిలోని ఈ చిన్న క్లినిక్‌కు వచ్చాకే. డాక్టరు గారు సమ్మతి పత్రమైన ఫారం సి నా ముందు పెట్టి, ఒక్కో వాక్యం చదివి వినిపించి, నా సంతకం మాత్రమే తీసుకున్నారు. పెళ్లికాని అమ్మాయిలను కూడా ఇక్కడ అనవసరమైన ప్రశ్నలు అడగరు. 2021 సవరణ తర్వాత చట్టంలో భర్త అన్న చోట భాగస్వామి అన్న మాట వచ్చింది.

మాత్రల పద్ధతి మన దేశంలో తొమ్మిది వారాల వరకే అనుమతి ఉన్నది. నాకు స్కాన్‌లో ఆరు వారాల రెండు రోజులు వచ్చింది. ఆ స్కాన్ వారాలు లెక్కపెట్టడానికి మాత్రమే కాదు. గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో ఉంటే ఈ మాత్రలు పనిచేయవు, ట్యూబు పగిలితే ప్రాణానికే ముప్పు. మందుల షాపులో ఎవరి చేతనో తెప్పించుకుని మింగేద్దామనుకునేవారు ఈ ఒక్క కారణానికైనా ఆగాలని నా విన్నపం. హిమోగ్లోబిన్, రక్తం గ్రూపు కూడా అప్పుడే చూశారు.

మొదటి మాత్ర మిఫెప్రిస్టోన్, 200 మిల్లీగ్రాములు. గర్భాన్ని నిలబెట్టే ప్రొజెస్టెరాన్ పనిని అది అడ్డుకుంటుంది. డాక్టరు గారి ఎదుటే మింగి, మర్నాడు మామూలుగా ఆఫీసుకు వెళ్లాను. అసలు రోజు ఆ తర్వాతిది. మదనపల్లె నుంచి వచ్చిన నర్సు నాతో, "అక్కా, నెలసరి నొప్పిలాగే ఉంటుందని నేను చెప్పను, అంతకన్నా ఎక్కువే ఉంటుంది, సాయంత్రానికి తగ్గుతుంది" అన్నది. ఆమె అలా దాచకుండా చెప్పినందుకే నేను భయపడలేదు. ముందుగా నొప్పి తగ్గించే ఐబుప్రొఫెన్ వేసుకుని, గర్భసంచి ముడుచుకునేలా చేసే మిసోప్రోస్టోల్ మాత్రలు నాలుగింటిని రెండేసి చొప్పున రెండు బుగ్గల్లో పెట్టుకుని అరగంట ఉంచాను. అవి నెమ్మదిగా సుద్దలా కరిగాయి, మిగిలిన పొడిని నీళ్లతో మింగాను. గంటన్నరకు చలి, వణుకు, రెండుసార్లు విరేచనం, ఆ వెనకే పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి మొదలయ్యాయి. మధ్యాహ్నం నిమ్మకాయంత గడ్డ ఒకటి పడినప్పుడు, అంత పెద్దవి పడవచ్చునని నర్సు ముందే చేత్తో చూపించి ఉండడం వల్ల నేను కంగారు పడలేదు. తోడుకు అనంతపురం నుంచి వచ్చిన మా అక్క వేడినీళ్ల సంచి పెడుతూ నా పక్కనే కూర్చున్నది. రాత్రి ఎనిమిదికి అన్నం తినగలిగాను.

ఎప్పుడు ఫోన్ చేయాలో కూడా వాళ్లు స్పష్టంగా చెప్పారు: గంటకు రెండు పెద్ద ప్యాడ్ల చొప్పున వరుసగా రెండు గంటలు పూర్తిగా తడిసిపోతే, మిసోప్రోస్టోల్ వేసుకున్న 24 గంటలు దాటాక కూడా జ్వరం 100.4 డిగ్రీలు ఉంటే, స్రావం దుర్వాసన వస్తే, లేక 24 గంటలైనా రక్తస్రావమే మొదలుకాకపోతే. ఆ నంబరుకు నేను రాత్రి పదకొండుకు ఒకసారి ఫోన్ చేస్తే రెండో రింగుకే ఎత్తారు.

రక్తస్రావం తగ్గుతూ తగ్గుతూ పన్నెండో రోజుకు ఆగింది. పదిహేనో రోజు స్కాన్‌లో గర్భసంచి ఖాళీగా ఉందని చూపించారు. మూత్ర పరీక్షలో మాత్రం కొన్ని వారాల పాటు రెండు గీతలు కనబడుతూనే ఉండవచ్చు కాబట్టి, దాన్ని చూసి బెంబేలెత్తవద్దన్నారు. రెండు వారాల లోపే అండం విడుదల కావచ్చునని కూడా చెప్పడంతో ఆ రోజే కాపర్ టీ వేయించుకున్నాను. రెండు స్కాన్లు, పరీక్షలు, మాత్రలు అన్నీ ఒకే రుసుములో వచ్చాయి. మధ్యలో కొత్త బిల్లు ఏదీ రాలేదు.

లోపాలు కూడా చెప్పాలి. పది గంటలకు సమయం ఇచ్చి పన్నెండుంబావుకు లోపలికి పిలిచారు. స్కాన్ కోసం నెలలు నిండిన గర్భిణుల మధ్యే కూర్చోవాలి, గోడ నిండా నవ్వే పసిపిల్లల బొమ్మలు. ఆ అరగంట నాకు నొప్పి కన్నా కష్టంగా గడిచింది, ఇందుకోసం వచ్చేవారికి వేరే గది ఇవ్వడం వాళ్లకు పెద్ద పని కాదు. ఇంటికిచ్చే సూచనల కాగితం కన్నడం, ఇంగ్లీషుల్లోనే ఉన్నది. రెండోసారి వెళ్లినప్పుడు, రాయదుర్గం నుంచి కట్టడం పనికి వచ్చిన ఒక అమ్మాయి ఆ కాగితం పట్టుకుని, "ఇందులో ఏముందో కొంచెం చెబుతావా అక్కా" అని అడిగింది. ప్యాడ్ల లెక్క దగ్గర నుంచి ఫోన్ నంబరు దాకా ఆమెకు నేనే తెలుగులో చదివి చెప్పాను. లోపలికి పిలిచేలోగా ఆ లెక్క నాకు రెండుసార్లు తిరిగి అప్పజెప్పింది.