క్లచ్ కవర్ చేత్తో, టైమింగ్ కవర్ బఫింగ్‌కి: ఏది మేలు?

బుల్లెట్ బండి ఇంజిన్ కవర్లు మెరవాలంటే ఇంట్లో చేత్తో రుద్దుకోవాలా, బఫింగ్ (మోటారు మీద తిరిగే చక్రంతో మెరుపు తెచ్చే) షాపులో ఇచ్చేయాలా, డ్రిల్లుకి గుడ్డ చక్రం తగిలించి తిప్పేస్తే పోతుందా అని ప్రతి వారం ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. మొన్న వేసవిలో మా నాన్నగారి పాత కాస్ట్ ఐరన్ ఇంజిన్ బుల్లెట్ విప్పినప్పుడు రెండు పద్ధతులూ ఒకే బండి మీద చూశాను. ఎడమ వైపు క్లచ్ కవర్ నేను చేత్తో చేశాను, కుడి వైపు టైమింగ్ కవర్ షాపుకి ఇచ్చాను. రెండూ అల్యూమినియమే, రెండూ కాకినాడ ఉప్పు గాలికి తెల్లగా పూత పట్టి, సన్న గుంటలు పడ్డవే.

ముందు షాపు సంగతి. పొద్దున ఇస్తే సాయంత్రానికి చేతిలో పెట్టారు. మొహం చూసుకోవచ్చు, అంత మెరుపు. ఇంటికొచ్చి ట్యూబ్‌లైటు కింద వాలుగా పట్టుకుని చూస్తే మాత్రం అందులో కనిపించే ఆ లైటు నీడ తిన్నగా పడలేదు, అలలు అలలుగా వంకర్లు పోయింది. అల్యూమినియం మెత్తన కదా, చక్రం ఎక్కడ రెండు క్షణాలు ఎక్కువ ఆగితే అక్కడ పల్లం పడుతుంది. స్క్రూ తలలు కూర్చునే చోట పదునుగా ఉండాల్సిన అంచులు అరిగి గుండ్రంగా అయిపోయాయి. అరిగిన లోహాన్ని మళ్ళీ తెచ్చి పెట్టలేం, నాకు బాధ అక్కడే.

అంతకంటే టెన్షన్ పెట్టింది బఫింగ్ సబ్బు, అంటే మెరుపు కోసం చక్రానికి పట్టించే ముద్ద. టైమింగ్ కవర్ లోపల ఆయిల్ వెళ్ళే దారులుంటాయి, వాటిలో నల్లగా జిడ్డు సబ్బు దూరి కూర్చుంది. అందులో ఉన్నది రాపిడి పొడి, అది ఆయిల్‌తో కలిసి లోపలికి పోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కిరోసిన్‌తో, తర్వాత వేడి నీళ్ళు, సర్ఫ్‌తో, సన్న బ్రష్ పెట్టి ఒక పూటంతా కడిగాను. షాపుకి ఇచ్చేవాళ్ళు ఆ రంధ్రాలన్నీ గుడ్డ ముక్కలతో మూసి, కవర్ ఇంజిన్‌కి ఆనే చోట ప్యాకింగ్ కూర్చునే ముఖానికి టేపు వేసి, అక్కడ చక్రం తగలకూడదని నోటితో కూడా చెప్పి మరీ ఇవ్వండి. ఆ ముఖం ఒక్కచోట పల్లం పడినా ఆయిల్ కారుతుంది.

ఇక చేత్తో చేసింది. క్లచ్ కవర్‌కి మధ్యలో ఒక్కటే నట్టు కాబట్టి ఫుట్‌రెస్టు, బ్రేక్ పెడల్ తీస్తే సులువుగానే వస్తుంది. పాత వార్నిష్ ఉంటే ముందు పెయింట్ రిమూవర్‌తో తీసేయాలి, లేకపోతే రుద్దే గరుకు పేపరు (వాటర్ పేపర్) వార్నిష్‌తో వెంటనే మూసుకుపోతుంది. (మీది క్రోమ్ పూత వేసిన కవర్ అయితే ఇదేదీ చేయకండి, పూత పోతుంది.)

చాలామంది అడిగేది ఏ పాలిష్ వాడాలని. ఆటోసాల్ వాడినా ఇంకోటి వాడినా పెద్ద తేడా రాదు, నా లెక్కలో పని తేలేది వాటర్ పేపర్ దగ్గరే. 320, 400, 600, 800, 1000, 1500, 2000 (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది), ఈ వరుసలో ఒక్క నంబరు కూడా దాటేయకూడదు. పాత హవాయి చెప్పు ముక్క కోసి దానికి పేపరు చుట్టి, కిరోసిన్‌లో ముంచి, 320తో నిలువుగా రుద్దితే 400తో అడ్డంగా రుద్దాలి. అప్పుడు అడ్డ గీతల మధ్య మిగిలిపోయిన నిలువు గీతలు స్పష్టంగా కనిపిస్తాయి, అవి ఒక్కటి కూడా లేకుండా పోయేదాకా తర్వాతి నంబరుకి వెళ్ళొద్దు. బూడిద రంగు బురద తుడిచి, ఆరనిచ్చి, పగటి వెలుతురులో చూడాలి, తడి మీద అన్నీ బాగానే కనిపిస్తాయి. నేను ఓ మూల 400 నుంచి సరాసరి 1000కి వెళ్ళాను, పాలిష్ పెట్టగానే వెంట్రుకల్లాంటి గీతలు తేలాయి, మళ్ళీ 400కి రావాల్సి వచ్చింది.

మొత్తం ఐదు సాయంత్రాలు పట్టింది, ఖర్చు మూడొందలు దాటలేదు. షాపు దానంత అద్దం కాదు, ఒప్పుకుంటాను, కానీ అంచులు పుట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, లైటు నీడ తిన్నగా పడుతోంది. వేళ్ళు నొప్పెట్టినా నా ఓటు దీనికే.

డ్రిల్లు చక్రం విషయానికొస్తే, చేత్తో 1000 దాకా వచ్చాక చివరి మెరుపుకీ, వేలు దూరని సందులకీ పర్వాలేదు. లోతు గీతల్ని అది తీయదు, గీత అంచుల్ని మెరిపిస్తుంది, అంతే. కవర్‌ని బిగించకుండా ఒడిలో పెట్టుకుని మాత్రం తిప్పొద్దు, చక్రం అంచుని పట్టుకుందంటే విసిరికొడుతుంది. కళ్ళద్దాలు, మాస్కు తప్పనిసరి.

చింతపండు ఇత్తడి బిందెలకి బాగుంటుంది, అల్యూమినియానికి మెరుపు తేదు. కాస్టిక్ సోడా దగ్గరికి కూడా రానివ్వకండి, లోహాన్నే తినేస్తుంది.

ఐదు సాయంత్రాలు కుదరనివాళ్ళు 800 దాకా ఇంట్లో రుద్దుకుని, చివరి గుడ్డ చక్రం ఒక్కటే షాపులో పట్టించండి. పల్లాలు పడేది ఎక్కువగా మొదట్లో గట్టి చక్రంతో నొక్కినప్పుడే, ఆ పని వాళ్ళ చేతికి వెళ్ళకపోతే చాలు. స్టెయిన్‌లెస్ స్టీలు సామాన్లయితే నేనూ షాపుకే ఇస్తాను, అంత గట్టి లోహం మీద చేతులకి పని ఎక్కువ.

మెరుపు ఎలా తెచ్చినా నిలవడం ఒకేలా ఉంది. మూడు నెలలకి రెండు కవర్లూ ఒకేలా మసకబారాయి, నెలకోసారి తుడిచి మైనం రాస్తున్నాను. గేర్‌బాక్స్ కవర్ ఇప్పుడు 600 మీద ఉంది, కింది మూలలో ఇంకా నాలుగు నిలువు గీతలు పోవాలి.