నల్లమల అంచు ఊరికి ఏది మేలు: వీఎస్‌ఎస్సా, హక్కు పత్రమా?

కర్నూలు, కడప కొండల పక్కన అడవి మాటెత్తితే పాత కోపం ఒకటి పైకొస్తుంది. అదే పుల్లరి, అంటే పశువుల మేత మీద వేసిన పన్ను. 1882 మద్రాసు అటవీ చట్టంతో కొండలు రిజర్వు కింద చేరాయి, తాతలు ఊరికే మేపుకున్న గడ్డికి డబ్బు కట్టాల్సి వచ్చింది. 1921-22లో పల్నాడుతో పాటు రాయచోటి తాలూకా కూడా తిరగబడింది. కాబట్టి అడవిని పూర్తిగా అటవీ శాఖకే వదిలేద్దామనే వాదన జోలికి నేను పోను. మిగిలినవి రెండు: వన సంరక్షణ సమితి (వీఎస్‌ఎస్), అటవీ హక్కుల చట్టం కింద వచ్చే హక్కు పత్రం.

వన సంరక్షణ సమితి మన రాష్ట్రంలో 1992లో మొదలైంది. ఊరివాళ్లు కాపలా కాయాలి, ఫలసాయంలో వాటా తీసుకోవాలి. ప్రపంచ బ్యాంకు అప్పు తోడై కందకాలు, చెక్‌డ్యాముల పనులు నడిచాయి. కూలి దొరికింది, అది చిన్న మాట కాదు. అయితే సమితి నిలబడింది ప్రభుత్వ ఉత్తర్వు మీద. ఇంకో ఉత్తర్వు వస్తే దాని కథ ముగిసినట్టే.

2006 అటవీ హక్కుల చట్టం అలా కాదు. హక్కును తేల్చే పని గ్రామసభతోనే మొదలవుతుంది. సాగు భూమికి 4 హెక్టార్ల దాకా పట్టా, అదీ భార్యాభర్తలిద్దరి పేరున. అమ్ముకోవడానికి మాత్రం లేదు. అంతకన్నా పెద్దది సామూహిక హక్కు. తాపసి చెట్టుకు గాటు పెట్టి, కారిన బంక ఎండాక బెరడు ముక్కలు ఒక్కొక్కటే ఏరి, తెల్లదాన్ని వేరుగా పోసే చెంచు ఆడమనిషికి ఆ బంక తనదేనని చెప్పేది ఈ చట్టమే. ఎర్రచందనం మీద మాత్రం ఆశ వద్దు, కలప ఇందులోకి రాదు.

చెంచుగూడేనికి నా ఓటు హక్కు పత్రానికే, రెండో మాట లేదు. రాయచోటి వైపు గొర్రెల కాపరికి అంత ధైర్యంగా చెప్పలేను. గిరిజనులు కానివాళ్లు 2005 డిసెంబరు 13కి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అడవినే నమ్ముకుని అక్కడ ఉన్నట్టు చూపాలి. 1930 నాటి కాగితం ఎవరింట్లో ఉంటుంది? అక్కడ సమితి ఉంటే దాన్ని వదులుకోకుండానే దరఖాస్తు పెట్టుకోవడం తెలివి. ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే, కానీ ఒక్క సాక్ష్యంతో సరిపెట్టకూడదని నియమం. తాత పుల్లరి కట్టిన రశీదు ట్రంకుపెట్టె అడుగున దొరికితే పారేయకండి.