‘పండగలకు’ అని రాస్తే సరిపోదు: మీడియేషన్‌లో మా అనుభవం

మాది చిత్తూరు. బాబుకు ఏడేళ్లు. వాళ్ల నాన్న తిరుపతిలో ఉంటారు. బాబును చూపించే విషయంలో గొడవ తెగక, పోయినేడు జడ్జిగారు మమ్మల్ని మీడియేషన్‌కు, అంటే మధ్యవర్తి ముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని రాజీకి రావడానికి, పంపారు.

అంతకుముందు మా వకీలు రాయించిన కాగితంలో ‘నెలకు రెండుసార్లు, పండగలకు’ అని మాత్రమే ఉండేది. ఏ వారమో, ఎన్నింటికో, ఎక్కడో లేదు. ఒకరోజు బస్టాండులో, ఆరింటికే తెస్తానన్నారని నేను, ఎనిమిదన్నానని ఆయన, వాడి ముందే అరుచుకున్నాం. వాడు ఇద్దరి చేతులూ వదిలేసి బ్యాగు పట్టీలు పట్టుకుని నిలబడ్డాడు.

మీడియేటర్ మేడం తప్పెవరిదని ఒక్కసారీ అడగలేదు. క్యాలెండర్ తెచ్చి ముందు పెట్టారు. రెండో, నాలుగో ఆదివారాలు, పదింటి నుంచి ఐదింటి వరకు. బాబును అప్పగించేది అలిపిరి దగ్గర సైన్స్ సెంటర్ గేటు ముందు. బస్సు లేటయితే మెసేజ్ పెట్టాలి, అరగంట ఆగాలి. జ్వరమొస్తే ఆ ఆదివారం తర్వాతి వారానికి మారుతుంది. రోజూ ఫోనంటే నేను ఒప్పుకోలేదు. పిల్లలు తమ దగ్గర లేని తల్లికో తండ్రికో రోజూ ఐదు పది నిమిషాలు మాట్లాడే హక్కు ఉండాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పిందని ఆమె వివరించాక సరేనన్నాను.

భోగి, సంక్రాంతి నాకు, కనుమ ఆయనకు. చిక్కంతా తిరుపతి గంగమ్మ జాతర దగ్గరే వచ్చింది. మనవడికి బైరాగి వేషం (ఒంటికి తెల్లమట్టి పూసుకుని గుడికి వెళ్లే మొక్కు) వేయిస్తానని వాళ్ల అవ్వ, అంటే ఆయన అమ్మ, మొక్కుకుంది. మే ఎండలో వద్దన్నాను నేను. మేడం బాబుతో విడిగా మాట్లాడారు. ‘అవ్వతో పోతా, అమ్మ కూడా రావాల’ అన్నాడట. జాతర రోజు తల్లి కూడా వెంట ఉండవచ్చని కాగితంలో రాశారు. జడ్జిగారు దాన్నే ఆర్డరుగా ఇచ్చారు.

మాకు ఫీజు పడలేదు. అక్కడ అన్న మాటలు కోర్టులో వాడరు కాబట్టి మనసులోది చెప్పుకోగలిగాను. సిట్టింగుకూ సిట్టింగుకూ మధ్య నెల గ్యాప్ మాత్రం చాలా ఎక్కువ. ఆ మూడు నెలలూ ఇంట్లో ఒకటే టెన్షన్. వకీలును పెట్టుకోలేని ఆడవాళ్లు న్యాయ సాయం హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సాయం ఉంది.

ఈ మేలో జాతరకు వాడి ఒంటికి నామకొమ్ము (తెల్లమట్టి) పూసింది వాళ్ల అవ్వ. నీళ్ల సీసా పట్టుకుని గుడి దాకా వెనకే నడిచాను నేను.