బ్రిలువానా, రామనా: ఫైబర్‌లో ఏది ఎక్కువ తలనొప్పి?

కర్నూలు నుంచి అనంతపురానికి హైవే వెంట సుమారు 150 కిలోమీటర్లు. కాంతితో సమాచారం మోసే గాజు తీగ, అంటే ఫైబర్‌లో కిలోమీటరుకు 0.2 డెసిబెల్ చొప్పున వేసుకున్నా 30 డెసిబెల్ పోతుంది. అంటే బయల్దేరిన కాంతిలో వెయ్యో వంతే చేరుతుంది. లేజర్ పవర్ పెంచేస్తే పోలా అనిపిస్తుంది. పెంచితే అడ్డం పడేవి బ్రిలువాన్, రామన్ అనే రెండు పరిక్షేపణాలు, అంటే గాజులో కాంతి చెదిరే రెండు తీరులు.

బ్రిలువాన్‌ది తొందర ఎక్కువ. లేజర్ వర్ణపటం బాగా సన్నగా ఉంటే కొద్ది మిల్లీవాట్లకే కాంతి గాజులో ధ్వని తరంగాలను రేపి, వాటికే తగిలి వెనక్కి మళ్లుతుంది. ఇక పవర్ ఎంత పెంచినా అనంతపురం చేరేది పెద్దగా పెరగదు, కర్నూలుకు తిరిగొచ్చేదే పెరుగుతుంది. వైద్యం మాత్రం తేలిక: దీని గెయిన్ వెడల్పు, అంటే ఇది పనిచేసే ఫ్రీక్వెన్సీల మేర, కొన్ని పదుల మెగాహెర్ట్జే కాబట్టి లేజర్ ఫ్రీక్వెన్సీని కాస్త అటూ ఇటూ కదిపితే చాలావరకు అణుగుతుంది.

రామన్ ఒక్క ఛానెల్ జోలికి అంత త్వరగా రాదు, వందల మిల్లీవాట్లు కావాలి. ఒకే ఫైబర్‌లో ఒక్కోటి ఒక్కో తరంగదైర్ఘ్యంతో 80 ఛానెళ్లు పంపితే మాత్రం ఆ ధీమా ఉండదు. పొట్టి తరంగదైర్ఘ్యాల పవర్ పొడుగు వాటికి జారిపోతుంది. ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత పవర్ ఉందో చూపే స్పెక్ట్రమ్ ఎనలైజర్ తెర మీద ఛానెళ్ల వరుస ఎడమవైపు కుంగి, కుడివైపు లేచి కనిపిస్తుంది. నన్నడిగితే ఇలాంటి లింకులో అసలు పేచీ రామన్‌తోనే.

అయినా పని చేసిపెట్టేదీ అదే. అనంతపురం వైపు నుంచి సిగ్నల్‌కు బలాన్నిచ్చే 1450 నానోమీటర్ల పంప్ కాంతిని ఎదురు పంపితే 1550 దగ్గరి సిగ్నల్ దారిలోనే బలపడుతుంది. అన్ని ఛానెళ్లను పెంచడానికి బ్రిలువాన్ గెయిన్ వెడల్పు చాలదు. కేబుల్ ఎక్కడ సాగిందో, ఎక్కడ వేడెక్కిందో పట్టుకోవడానికి మాత్రం బ్రిలువాన్ భేషుగ్గా పనికొస్తుంది.