చైన్ ట్రాక్టర్‌కు ఏ ఇంజిన్ ఆయిల్? ఏళ్లుగా పోసి చూశాక నా అభిప్రాయం

మా పాత కేటర్‌పిల్లర్ డీ4 చైన్ ట్రాక్టర్‌కు నేను పోసేది 15డబ్ల్యూ-40 మల్టీగ్రేడ్ (చలికొకటి, వేడికొకటి రెండు అంకెలుండేది), సీఐ-4 (నాణ్యత గుర్తు) రకం డీజిల్ ఇంజిన్ ఆయిల్. లారీలకూ జేసీబీలకూ పోసే మామూలు ఆయిలే. అంతకుముందు చాలాకాలం ఉత్త 40 నంబరు మోనోగ్రేడ్ (చిక్కదనానికి ఒకే అంకె ఉండేది) పోసేవాళ్లం. రెండింటితోనూ బండి బాగానే నడిచింది. మళ్లీ 40 నంబరుకు పోతావా అంటే మాత్రం పోను. అలాగని 15డబ్ల్యూ-40 పోయగానే ఇంజిన్ కొత్తదైపోయిందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇలాంటి ఇంజిన్ ఆయుష్షు డబ్బా మీది అంకెలో లేదు. పాత ఆయిల్‌ను ఎట్లా దించారు, కొత్తది పోశాక స్టార్ట్ చేసే ముందు ఏం చేశారు అన్నదాంట్లో ఉంది.

బండి గురించి కొంచెం. ఇది 7యూ సిరీస్ డీ4. కంపెనీ వీటిని 1947 నుంచి 1959 దాకా తయారు చేసింది. నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్, బోరు నాలుగున్నర అంగుళాలు, స్ట్రోకు ఐదున్నర. మా పెదనాన్న వేలంలో పాడుకున్నాడు. మాది జమ్మలమడుగు పక్క నల్లరేగడి. శనగ కోత అయ్యాక ఎండాకాలంలో లోతు దుక్కి దున్నడం, చేను చదును చేయడం, గట్లు వేయడం దీని పని. వానలు పడి రేగడి బురదైతే షెడ్డులోకి పోతుంది, ఇక నెలల తరబడి కదలదు. రోజూ నడిచే బండికి గంటల లెక్క చూసుకుంటే సరిపోతుంది. ఇట్లా నిలబడిపోయే బండికి నెలల లెక్క కూడా చూడాలి.

ఇక నంబర్ల సంగతి. ఆ కాలపు మాన్యువల్ గడ్డకట్టే చలి లేని చోట ఎస్‌ఏఈ 30, అంటే 30 నంబరు ఆయిల్ పోయమంటుంది. మా దగ్గర మే నెలలో ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలే, పైగా ఇంజిన్ అరిగినది కాబట్టి మెకానిక్కులు 40 అలవాటు చేశారు. అందులో తప్పేం లేదు. అయితే ఇంజిన్ బాగా కాగి, ఆయిల్ 100 డిగ్రీలకు చేరిందంటే 40 నంబరుకైనా 15డబ్ల్యూ-40కైనా నిర్ణయించిన చిక్కదనం ఒకటే. ముందున్న 15డబ్ల్యూ అనేది చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్పే గుర్తు మాత్రమే. మనకు చలి ఎక్కడిది? సంక్రాంతి తెల్లవారుజామున దుప్పటి కప్పుకుంటే తీరిపోయే చలి అది. కాబట్టి 'మల్టీగ్రేడ్ పలచనైపోయి బేరింగులు కొట్టుకుపోతాయి' అన్న టెన్షన్ అక్కర్లేదు. 'చలికి మంచిది' అంటూ అంగడివాళ్లు చెప్పే మాటతోనూ మనకు పని లేదు.

మరి ఎందుకు మారానంటే, మొదటిది సరుకు. ప్రొద్దుటూరులో ఏ ఆయిల్ అంగడికి పోయినా 15డబ్ల్యూ-40 బకెట్లు వచ్చింది వచ్చినట్టు అమ్ముడుపోతుంటాయి, తాజా సరుకు దొరుకుతుంది. మంచి రకం మోనోగ్రేడ్ కావాలంటే వెతుక్కోవాలి. అంగట్లో దుమ్ము పట్టి ఉన్న డబ్బాయే చేతికొస్తుంది. రెండోది మసి. సీఐ-4లో మసిని ముద్ద కట్టకుండా ఆయిల్‌లోనే తేలేట్టు పట్టి ఉంచే మందు బాగా ఉంటుంది. ఇంజిన్ పైనున్న టాపెట్ కవర్ ఎత్తి చూసినప్పుడు ఈ తేడా కంటికి కనిపించింది. 40 నంబరు రోజుల్లో మూలల్లో వేలితో గీస్తే మడ్డి వచ్చేది. ఇప్పుడు ఇనుము రంగు తెలుస్తోంది.

ఇక్కడ ఒక పాత భయం గురించి చెప్పాలి. 'పాత ఇంజిన్‌కు డిటర్జెంట్ ఆయిల్ (మసిని కడిగే మందు కలిపింది) పోస్తే మడ్డి కదిలి దారులు మూసుకుపోతాయి, ఇంజిన్ సీజ్ అవుతుంది' అని మా పక్క చాలామంది అంటారు. ఇందులో సగమే నిజం. 1930ల్లో కేటర్‌పిల్లర్ డీజిల్ ఇంజిన్లలో పిస్టన్ రింగులు మసికి అతుక్కుపోయేవి. ఆ బాధ వదిలించుకోవడానికే అమెరికాలో డిటర్జెంట్ కలిపిన డీజిల్ ఆయిళ్లు తయారు చేశారు. ఈ ఇంజిన్ల కోసం పుట్టిన ఆయిల్ ఈ ఇంజిన్లకే పనికిరాదంటే ఎట్లా? నిజమైన సగం ఏమిటంటే, ఏళ్ల తరబడి ఏ ఆయిల్ పడితే అది తాగిన ఇంజిన్ చాంబర్ (ఆయిల్ నిలిచే కింది గిన్నె) అడుగున మడ్డి గట్టిపడి ఉంటుంది. దాన్ని ఎత్తకుండా నేరుగా కొత్త రకం పోస్తే ప్రమాదమే. మేము మారేముందు చాంబర్ దించి, ఆయిల్ పంపు జల్లెడ కడిగి, అడుగంతా గీకి తీశాం. ఆ తర్వాత మొదట్లో ఆయిల్ తొందర తొందరగా మార్చాం. అంతే, ఏ దారీ మూసుకోలేదు.

ఇప్పుడు అసలు పని. రబ్బరు టైర్ల ట్రాక్టర్‌కు ఆయిల్ దించడం పిల్లల ఆట. చైన్ ట్రాక్టర్ కడుపు నేలకు ఆనుకున్నట్టే ఉంటుంది, కింద దూరి పని చేయడానికి చోటుండదు. మా షెడ్డు ముందు రెండు చైన్ల మధ్యకు వచ్చేట్టు గుంత తవ్వించి, పక్కలు విరగకుండా నాపరాళ్లు పేర్పించాం. బండి గుంత మీదికి వచ్చి సమమట్టంగా నిలబడితేనే ఆయిల్ పూర్తిగా దిగుతుంది. చాంబర్ కింద ఇనుప గార్డు ఉంటుంది. గార్డుకూ చాంబర్‌కూ మధ్య రేగడి మన్ను, డీజిల్, ఆయిల్ కలిసి బండలా బిగిసిపోతుంది. గునపం మొనతో పొడిచి తీయాల్సిందే. అది తీయకపోతే బోల్టు ఊడదీసేటప్పుడు మన్ను చాంబర్ నోట్లో పడుతుంది. పైగా ఎండాకాలంలో అది నిప్పుకు సిద్ధంగా ఉన్న సరుకు. ఈ మన్ను తీసే పనికే ఆయిల్ మార్చే పనికన్నా ఎక్కువసేపు పడుతుంది, పనోళ్లు తిట్టుకునేదీ ఇక్కడే.

ఆయిల్ వేడి మీదే దించాలి. ఒక గంట పని చేయించి తెచ్చి ఆపితే మసి ఆయిల్‌లో కలిసి ఉంటుంది, దాంతోపాటే బయటికొస్తుంది. చల్లారాక దించితే మసి అడుగున కూర్చుండిపోతుంది. అయితే నెలల తరబడి నిలబడిన బండికి ముందుగా ఇంకో పని చేస్తాను. స్టార్ట్ చేయకముందే, చల్లగా ఉండగానే డ్రెయిన్ బోల్టు కొంచెం వదులు చేసి చూస్తాను. నీరు ఆయిల్ కన్నా బరువు కాబట్టి అడుగున చేరి ఉంటుంది. ముందు రెండు మూడు తెల్లని చుక్కలు జారి, ఆ తర్వాత నల్లగా ఆయిల్ వచ్చిందంటే వానాకాలపు చెమ్మ లోపల నీరుగా మారిందన్నమాట. చుక్కలైతే ఫర్వాలేదు. ధారగా వస్తే లైనర్ల (పిస్టన్లు ఆడే గొట్టాల) కింది రబ్బరు రింగులు పోయి రేడియేటర్ నీళ్లు దిగుతున్నాయని అర్థం, అప్పుడు స్టార్ట్ చేయనేకూడదు.

దించిన ఆయిల్‌ను పారేసే ముందు చూడటం మా మెకానిక్ మామ నేర్పిన విద్య. "రంగు చూసి ఏం తెలుస్తాది అల్లుడూ, డీజిల్ ఇంజిన్లో ఆయిల్ రెండో రోజే నల్లబడ్తాది. వాసన చూడు, వేళ్ల మధ్య రుద్ది చూడు" అంటాడు. డీజిల్ వాసన కొట్టి, వేళ్ల మధ్య జిగురు లేకుండా జారిపోతే డీజిల్ పంపు దగ్గర కారుతోందన్నమాట. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గకపోగా పెరుగుతుంటే ఆయిల్ తాగడం లేదని సంబరపడొద్దు, కారణం ఇదే కావచ్చు. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు కలిసింది. చివర్లో దిగే కొంచెం ఆయిల్‌ను పాత తెల్ల పంచె ముక్కలో వడగట్టి, మిగిలిన నలుసుల మీద అయస్కాంతం తిప్పుతాను. అంటుకుంటే ఇనుము. అంటుకోకుండా తళుక్కుమంటే బేరింగు లోహం కావచ్చు.

డ్రెయిన్ బోల్టు కింది రాగి వాషర్ కొత్తది దొరక్కపోతే పాతదాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే మళ్లీ మెత్తబడుతుంది. మెత్తబడ్డ రాగి బిగించగానే చక్కగా ఒదుగుతుంది, ఆయిల్ కారదు. ఫిల్టర్ ఎలిమెంట్ మార్చేటప్పుడు దాని గిన్నెను డీజిల్‌తో కడిగి, అడుగున పేరుకున్నదంతా తుడవాలి. బనియన్ వేస్ట్‌తో మాత్రం తుడవొద్దు, పోగులు లోపల పడతాయి. ఎలిమెంట్లు మా పక్క దొరకవు. స్పేర్ పార్టుల అంగళ్లుండే బెంగళూరు జేసీ రోడ్డుకు ఎవరైనా పోతుంటే కొలతలు రాసిచ్చి రెండు మూడు ఒకేసారి తెప్పించుకుంటాను.

ఈ బండిలో నాకు బాగా నచ్చే సంగతి దీని తర్వాతే వస్తుంది. డీజిల్ ఇంజిన్‌ను తిప్పడానికి పక్కనే రెండు సిలిండర్ల చిన్న పెట్రోల్ ఇంజిన్ ఉంటుంది. దాన్ని స్టార్ట్ చేసి, గేరు కలిపి, క్లచ్ వేస్తే పెద్ద ఇంజిన్ తిరుగుతుంది. ఆయిల్, ఫిల్టర్ మార్చిన రోజున పెద్ద ఇంజిన్ కంప్రెషన్ లివర్ వదిలేసి (సిలిండర్లలో గాలి నొక్కుకోకుండా చేసి), డీజిల్ మూసేసి, చిన్న ఇంజిన్‌తో ఊరికే తిప్పుతాను. ఖాళీ ఫిల్టర్ గిన్నె నిండేదాకా ప్రెషర్ గేజ్ ముల్లు కదలదు. తర్వాత ఒకసారి వణికి, మెల్లగా పైకి లేస్తుంది. అది లేచి నిలబడ్డాకే కంప్రెషన్ వేసి డీజిల్ వదులుతాను. ఇప్పటి సెల్ఫ్ స్టార్ట్ బండ్లలో ఆయిల్ మార్చాక మొదటి క్షణాలు ఆయిల్ ప్రెషర్ లేకుండానే బేరింగుల మీద ఇంజిన్ భారం పడుతుంది. ఈ పాత బండిలో ప్రెషర్ వచ్చేదాకా ఆ భారం పడదు. పైగా చిన్న ఇంజిన్ పొగ పెద్ద ఇంజిన్‌కు గాలి పోయే దారిని వేడి చేస్తుంది, ఇద్దరికీ రేడియేటర్ నీళ్లు ఒకటే. తొందరపడి నిమిషంలో డీజిల్ వదిలేసే డ్రైవర్లు ఈ సదుపాయాన్నంతా వృథా చేస్తారు.

చిన్న ఇంజిన్‌కు దాని ఆయిల్ దానికే ఉంటుంది. చాలామంది దాన్ని మరిచిపోతారు. పెట్రోల్ ట్యాప్ తెరిచి వదిలేస్తే కార్బరేటర్ దాటి పెట్రోల్ లోపలికి దిగి ఆయిల్‌ను నీళ్లలా చేస్తుంది. మేము ట్యాప్ మూసి, కార్బరేటర్లో ఉన్నది అయిపోయేదాకా నడిపి ఆపుతాం. దానికి బైకులకు పోసే 20డబ్ల్యూ-40 చిన్న డబ్బా చాలు, ఖరీదైనది అక్కర్లేదు.

గాలి వడపోత గురించి ఒక్క మాట. ఇది ఆయిల్ గిన్నె రకం. ఎండాకాలం రేగడి దుమ్ములో ఈ గిన్నె చూడకుండా ఎంత ఖరీదైన ఇంజిన్ ఆయిల్ పోసినా దండగే, దుమ్ము లోపలికి పోయి రింగులను అరగదీస్తుంది. దుక్కి రోజుల్లో రోజూ సాయంత్రం గిన్నె దించి చూస్తాం. అడుగున మన్ను అరంగుళం చేరితే మార్చేస్తాం. గీత దాటి మాత్రం పోయొద్దు. ఎక్కువైన ఆయిల్‌ను ఇంజిన్ పీల్చుకుని, డీజిల్ ఆపినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది.

15డబ్ల్యూ-40 మీద నాకు ఫిర్యాదులు లేవా అంటే ఉన్నాయి. టైమింగ్ కవర్ దగ్గరా, వెనక సీలు దగ్గరా మునుపటికన్నా ఎక్కువ చెమరుస్తోంది. ఇన్నాళ్లూ మడ్డే ప్యాకింగ్‌లా పనిచేసింది, అది కరిగిపోయింది. చాలా గంటలు వాడాక, వేడి మీద స్లో రన్నింగ్‌లో గేజ్ ముల్లు 40 నంబరు రోజులకన్నా కొంచెం కిందికి నిలుస్తుంది. మల్టీగ్రేడ్‌లో చిక్కదనం కోసం కలిపే మందు వాడేకొద్దీ నలిగిపోతుంది కాబట్టి ఇది తెలిసిన విషయమే. అందుకని కంపెనీవాళ్లు లారీలకు చెప్పే పెద్ద గడువులు దీనికి పట్టించుకోను. వంద గంటలకో, సీజన్ అయిపోగానేనో, ఏది ముందొస్తే అప్పుడు మార్చేస్తాను. గంటల మీటర్ ఎప్పుడో చచ్చిపోయింది, డీజిల్ పుస్తకం చూసి లెక్క కడతాను.

సీజన్ అయిపోగానే అన్నాను కదా, దాని మీద మా ఊళ్లో పెద్ద వాదన ఉంది. 'వానాకాలమంతా ఊరికే నిలబడే బండికి కొత్త ఆయిల్ ఎందుకు, తీసేటప్పుడు మారిస్తే పోదా' అంటారు. వాడిన ఆయిల్‌లో ఆమ్లాలుంటాయి, చెమ్మ తోడైతే నెలల తరబడి బేరింగులను కొరుకుతుంటాయి. డీజిల్‌లో గంధకం ఎక్కువగా ఉన్న రోజుల్లో ఇది ఇంకా ఘోరంగా ఉండేది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 డీజిల్ వచ్చాక గంధకం 10 పీపీఎంకు (పది లక్షల పాళ్లలో పది పాళ్లు) పడిపోయింది, ఆ మేరకు నయం. అయినా నేను షెడ్డులో పెట్టే ముందే మారుస్తాను.

కొనేటప్పుడు లూజు ఆయిల్ జోలికి పోకండి. వాడేసిన ఆయిల్‌ను శుద్ధి చేశామని కంపెనీ బకెట్లలో నింపి అమ్మేవాళ్లున్నారు. మూత సీలు, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు చూసి, బిల్లు అడిగి తీసుకోండి. బిల్లు అడగగానే ధర మారే అంగట్లో కొనకండి. 20 లీటర్ల బకెట్ తెస్తే ఒక మార్పుకు పోగా పైపోతకు కొంత మిగులుతుంది.

దించిన మడ్డి ఆయిల్ కోసం సెంట్రింగ్ పలకలకు పూసుకుంటామని మేస్త్రీలు వచ్చి అడుగుతారు, కంచె గుంజలకు చెదలు పట్టకుండా పూస్తామని రైతులూ అడుగుతారు. మేము ఇవ్వడం మానేశాం. వానకు కారి చేలల్లోకీ బావుల్లోకీ దిగుతుంది. డ్రమ్ములో పోసి మూత పెట్టి, నిండాక లైసెన్సు ఉన్న వేస్ట్ ఆయిల్ వాళ్లకు తూకానికి వేస్తున్నాం.